హర్షిస్తున్నాము అని రాసిన అర్జీ

సికింద్రాబాద్,
12-11-1997.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు మేబెల్ ప్రభువు నామమున వందనములు చేసి రాయునది. నాన్న, తమ్ముడు నోవహు, నేను ఒంట్లో బాగానే ఉన్నాము. కాకినాడ హాస్టల్లో వంటపని చేసుకుంటున్న నువ్వూ, నీకు ఈ ఉత్తరం చదివి వినిపించే దేవకృప టీచరు గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నాన్న దగ్గు ఎలా ఉందని అడిగావు. తగ్గింది, కానీ సున్నాలు వేసే పనికి పోయిన రోజు మళ్ళీ మొదలవుతోంది. నోవహు కొత్త చెప్పులు అప్పుడే తెంపేశాడు. ముందు గదికి ప్లాస్టరింగు చేయించారా అని కూడా అడిగావు. చేయించలేదమ్మా. ఎందుకో చెబుతాను.

మన బస్తీ మీదుగా అరవై అడుగుల రోడ్డు వేస్తామని మున్సిపాలిటీ వాళ్ళు ముసాయిదా ప్లాను తయారుచేశారు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో రాసి ఇవ్వమని రేషన్ షాపు గోడకు కాగితం అంటించారు. ఆ ఆఫీసు భాష అర్థమయ్యేది మన సందులో నాకొక్కదానికే.

"మన మేబెల్ ఉండంగ వకీలెందుకే! జెర గట్టిగ రాయి బిడ్డా," అంది పక్కింటి విమలమ్మ అత్త. రాశాను. ఇంకు ప్యాడు పట్టుకుని నలభై రెండు ఇళ్ళు తిరిగి వేలిముద్రలు, సంతకాలు తీసుకున్నాను. నాన్న వెంట వచ్చి, "నా బిడ్డ రాసింది" అని ప్రతి గడపలో చెప్పాడు.

అర్జీ పనిచేయలేదు. మొన్న గోడల మీద ఎర్ర గీతలు గీసిపోయారు. మనకు గీత వెనక గోడ మీద పడింది. అంటే ముందు గది, వంటిల్లు రెండూ పోతాయి, ఇంకేమీ మిగలదు. డిసెంబరు పదిలోగా ఖాళీ చేయాలట. ఆఫీసులో తాతారావు అనే గుమాస్తా మన అర్జీ మార్చేశాడని బస్తీ అంతా అంటోంది. "మన కాగితం మింగిండు, వాని చేతులిరగ," అని అత్త సందు చివర నిలబడి తిడుతోంది.

టీచరు గారూ, ఇక్కడి నుంచి పక్కన ఎవరూ లేనప్పుడు అమ్మకు చదవండి.

కాగితం ఎవరూ మార్చలేదమ్మా. నేను ఒక్కదాన్నే ఆఫీసుకు పోయాను. తాతారావు గారు కుర్చీ చూపించి ఫైలు నా ముందు పెట్టారు.

"ఈ దస్తూరీ నీదేనా అమ్మా?"

"నాదేనండి."

"అయితే పైనుంచి చదువు."

చదివాను. 'తమరు తలపెట్టిన రోడ్డు పథకమును మా బస్తీ ప్రజలందరము హర్షిస్తున్నాము. మా ఇండ్లు పోకుండా దయ చూడగలరని మనవి.'

"ఇందులో అభ్యంతరం ఎక్కడుందమ్మా? అభ్యంతరమైతే మిమ్మల్ని పిలిచి వినాలి. మనవికి ఆ పని లేదు. గడువూ అయిపోయింది. మీ బస్తీ ఒప్పుకున్నట్టే పైకి వెళ్ళింది," అన్నారు.

అధికారులకు రాసేటప్పుడు ముందు మెచ్చుకుని తర్వాత అడగాలని స్కూల్లో నేర్పారు. అలా రాస్తే నాకు పదికి తొమ్మిది వచ్చేవి. వేలిముద్ర వేసేటప్పుడు అత్త, "పైన ఏమున్నదే?" అని అడిగింది. "మర్యాద మాటలత్తా," అని, ఆ వాక్యం వదిలేసి కిందిది చదివాను. అందరికీ అలాగే చదివాను.

నిన్న నాన్నకు చెప్పాను. నకలు తెచ్చి మొత్తం చదవమన్నాడు. చదివాను. "గింత మంచిగ రాసినవ్ కద బిడ్డా. గిది విన్నంక సుత ఇల్లు కూలగొడ్తరా?" అన్నాడు. ఏది తప్పో మళ్ళీ విడమరచి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి అర్థమైంది. అప్పటి నుంచి నాతో మాట్లాడుతున్నాడు కానీ నా ముఖం చూడడం లేదు.

ఆదివారం అందరూ ఇళ్ళలో ఉంటారు. గడప గడపకూ పోయి చెబుతాను. విమలమ్మ అత్తతోనే మొదలుపెడతాను.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు స్టేషన్ నుంచి నేరుగా ఇంటికి బయలుదేరకు అమ్మా. ప్లాట్‌ఫారం మీదే కూర్చో. నేను వచ్చి తీసుకుపోతాను. ఎక్కడికన్నది నాకింకా తెలియదు.

ఇట్లు,
నిన్ను క్షమించమని అడిగే ధైర్యం లేని నీ కూతురు,
మేబెల్