సిరా లేని వేలిముద్ర

2008 ఆగస్టు, మంగళవారం

చెన్నై వీసా ఆఫీసు నుంచి పొద్దున్నే ఇల్లు చేరాం. కోపం ఇంకా తగ్గలేదు.

మత్స్యకారుల సభలో మాట్లాడ్డానికి అమ్మ పరాయి దేశంలో ఉండబోయేది ఆరంటే ఆరు రోజులు. అందుకు పది వేళ్ల ముద్రలూ కావాలట. అమ్మ ముద్రలు తీసే మెషీన్ గాజు పలక మీద బొటనవేలు నొక్కి, అలవాటుగా తలకు రాసుకుంది. మత్స్యకారుల సొసైటీ పుస్తకంలో ముద్ర వేసినప్పుడల్లా సిరా అలాగే తుడుచుకుంటుంది. తర్వాతి వేలు పెట్టేసరికి గాజంతా కొబ్బరినూనె.

"ఏమ్మా, రేషన్ షాపనుకున్నావా?" అన్నాడు కౌంటర్లో ఉన్నాయన. వరుసలో వాళ్లు నవ్వారు. ఒక్క కేకతో జాలరిపేటలో చేపల బేరగాళ్లను దారికి తెచ్చే అమ్మ, పైటచెంగుతో గాజు తుడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ ముద్రలు ఎన్నాళ్లు ఉంచుతారు? ఎవరికి చూపిస్తారు?" అని అడిగాను.

"అంతా ఫారంలో ఉంది. ఇష్టం లేకపోతే వెళ్లొచ్చు."

ఫారం చదివాను. అవసరమైతే ఇతర సంస్థలకు ఇవ్వవచ్చని ఉంది. ఎన్నాళ్లో ఎక్కడా లేదు.

"ఏటి రాసుందే?" అంది అమ్మ.

చెబితే లేచి వచ్చేస్తుందని భయపడ్డాను. "ఏటీ లేదమ్మా, మామూలే" అన్నాను. డిగ్రీ చదివిన నోటితో ఆ మాట!

ఇందాక అన్నం తింటూ అమ్మ వేళ్లు చూసుకుంది. "ఒలమ్మీ, సిరా అయితే తలకి రాసీసుకుంటే పోతాది. ఇదెలాగ పోతాదే?"

రేపు నిజం చెప్పేస్తాను. వెళ్తుందో, మానేస్తుందో అమ్మ ఇష్టం. ఆవిడ వేళ్లు మాత్రం ముందే వెళ్లిపోయాయి, ఆరు రోజులకు కాదు...