నిమిషానికోసారి గడప దాకా వెళ్లొచ్చే కంప్యూటర్

ఆళ్లగడ్డ, సోమవారం

చిరంజీవి వాజిద్‌కు, నీకు లెక్కలు చెప్పి అలసిపోయిన దేవదానం సార్ ఆశీస్సులు.

నువ్వు మొన్న బిగించిపోయిన కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి టైపు చేస్తుంటే ఉన్నట్టుండి అక్షరాలు ఆగిపోతున్నాయి. కాసేపటికి అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి పడుతున్నాయి. చర్చి వార్షికోత్సవ సంచికకు, మా ఆవిడ జీవమ్మ బతికుండగా నడిపిన పాటల బృందం గురించి వ్యాసం రాస్తున్నాను. శుక్రవారానికి నంద్యాల ప్రెస్సుకు చేరకపోతే ఆ పేజీలు స్టీఫెన్ కవితకు ఇచ్చేస్తారట. నిరుడు ఆయన కవిత విన్నవాళ్లు ఈసారి నేరుగా భోజనాలకే వస్తామంటున్నారు.

ఇట్లు,
దేవదానం

తా.క. ఫోన్‌లో చెబితే నువ్వు మరిచిపోతావని నంద్యాల బస్సు కండక్టర్ మదార్ చేతికిచ్చి పంపుతున్నాను. అతను చదివి, తప్పుల్లేవన్నాడు.

నంద్యాల, మంగళవారం

పెద్దలు దేవదానం సార్‌కు వాజిద్ సలాం.

కీబోర్డులో దుమ్ము పడింటుంది సార్. బోర్లించి వీపున నాలుగు దెబ్బలేయండి. లెక్కలు రాకపోతే మీరు మాకు చేసిన వైద్యమే.

ఇట్లు,
మీ వాజిద్

తా.క. మెల్లగా సార్. మీ చేయి నాకింకా గుర్తుంది.

ఆళ్లగడ్డ, మంగళవారం సాయంత్రం

వాజిద్‌కు ఆశీస్సులు.

కొట్టాను. కాస్త మిక్చరు, ఒక ముక్కుపుడక రాలాయి. అక్షరాలు మాత్రం అలాగే ఆగుతున్నాయి. నేను మిక్చరు తినను, ముక్కుపుడక పెట్టను. కీబోర్డు కొత్తదని నువ్వన్నట్టు గుర్తు.

ఇట్లు,
దేవదానం

తా.క. ముక్కుపుడక మదార్‌కిచ్చాను. "బస్సులో ఆడోళ్లనందర్నీ అడిగి చూస్తా సార్" అన్నాడు. వద్దన్నాను.

నంద్యాల, బుధవారం

సార్‌కు, తలొంచుకుని వాజిద్ రాసేది.

కీబోర్డు మా ఇంట్లోదే సార్, మన్నించండి. ముక్కుపుడక నా భార్య ఆర్షియాది. రంజాన్ నుంచి దానికోసం ఆమె మా అమ్మ ఇమాంబీని అనుమానిస్తాంది. నిన్న ఇద్దరూ కలిసి నన్ను తిట్టినారు. అత్తాకోడళ్లు అట్లా ఒక మాట మీద ఉండటం ఇదే చూడటం.

అసలు రోగం తెలిసింది సార్. మీ మెయిల్ నిమిషానికోసారి, కొత్త ఉత్తరం వచ్చిందేమోనని పోయి చూసుకుంటాంది. ఆ కాసేపు మీరేం కొట్టినా పట్టించుకోదు. సెట్టింగ్స్‌లో గంటకోసారి అని మార్చండి, చాలు.

ఇట్లు,
మీ వాజిద్

తా.క. కొత్త కీబోర్డు పంపినా. ఇది నిజంగానే కొత్తది.

ఆళ్లగడ్డ, బుధవారం సాయంత్రం

వాజిద్‌కు ఆశీస్సులు.

మార్చేది లేదు. నేనొక మెయిల్ కోసం ఎదురుచూస్తున్నాను. వచ్చిన నిమిషంలో నాకు తెలియాలి. వ్యాసం ఇంకా సగంలోనే ఉంది, భయంగానూ ఉంది. అయినా మార్చను.

ఇట్లు,
దేవదానం

తా.క. ఎవరి మెయిలని మదార్ అడిగాడు. చెప్పలేదు.

నంద్యాల, గురువారం పొద్దున

సార్‌కు వాజిద్ సలాం.

మీరు చెప్పకపోయినా మదార్ అన్న కనిపెట్టినాడు. "ఇంకెవురప్పా, సార్‌తో పనిచేసిన ఎలిజబెత్ టీచరే. ఆమె ఉండేది నంద్యాలలోనే గదా" అన్నాడు. మంచి మనిషి సార్. జీవమ్మగారు పోయి ఏండ్లయింది, ఒంటరిగా ఎన్నాళ్లుంటారు. రాత్రే మా అమ్మ పోయి మాట కదిపొచ్చింది.

ఇట్లు,
మీ వాజిద్

తా.క. ఆమె కాదనలేదు సార్. చాయ్ ఇచ్చింది.

ఆళ్లగడ్డ, గురువారం మధ్యాహ్నం

ఒరే వాజిదూ,

ముందు మీ అమ్మను ఇంట్లో కూర్చోమను.

నేను చూస్తున్నది నీ మెయిల్ కోసంరా. ఆ రోజు గడపలో చెప్పులేసుకుంటూ "ఇంటికి పోతానే ఒక మెయిల్ కొడతా సార్, వచ్చిందో లేదో చూడండి" అన్నావు. నేటికీ రాలేదు. పేరు పిలిచాక పిల్లవాడు పలకందే నేను హాజరుపట్టీ ఏనాడూ మూయలేదు. నువ్వు రోజూ ఆలస్యంగానే వచ్చేవాడివి, కానీ వచ్చేవాడివి. ఇప్పుడు గంటకోసారి చూస్తే చాలని నువ్వే అంటే నాకు మనసు కష్టమైంది.

ఇట్లు,
దేవదానం

తా.క. చాయ్‌లో అల్లం వేసిందా?

మెయిల్, గురువారం సాయంత్రం

వచ్చినా సార్.

వాజిద్

తా.క. వేసిందంట.

మెయిల్, శుక్రవారం

వాజిద్‌కు ఆశీస్సులు.

ఆలస్యంగా వచ్చావు. కూర్చో.

నీ మెయిల్ చూడగానే గంటకోసారి అని మార్చాను. ఇక అక్షరం ఆగలేదు. పొద్దున్నే వ్యాసం ప్రెస్సుకు చేరింది. జీవమ్మ పేజీలు జీవమ్మకే దక్కాయి. స్టీఫెన్ అలిగాడు, ఊరు ఊపిరి పీల్చుకుంది.

ఇట్లు,
దేవదానం సార్

తా.క. ఈ ఉత్తరం టైపు చేస్తుంటే అక్షరాలు మళ్లీ ఆగుతున్నాయి. నువ్వేమీ బాగుచేయనక్కర్లేదు. ఎలిజబెత్ టీచర్ నా మెయిల్ అడ్రస్ తీసుకుందని మీ అమ్మ కబురు పంపింది. నేనే నిమిషానికోసారి అని పెట్టుకున్నాను.