రాయి దగ్గర పెట్టిన రసీదుల సంచి

బచేలి,
12-8-2002.

వాణిజ్య పన్నుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య రత్నం పేరున వచ్చిన నోటీసు, పార్సిలు రసీదులు దాఖలు చేయలేకపోవుట గురించి.

రైల్వేలో పట్టాలు తనిఖీ చేసే కీమ్యానుగా చేసి రిటైరయిన మజ్జి జయరావు సవినయంగా వ్రాసుకొను అర్జీ. ఇదివరకు తమ కచేరీ బయట టైపు మనిషి చేత హిందీలో దరఖాస్తు రాయించితిని. చదివించుకుంటే అందులో అన్నీ ఉన్నవి గాని నా భార్య చనిపోయినట్టు లేదు. తమరు విజయనగరం వారని బంట్రోతు చెప్పగా ఇది తెలుగులో వ్రాస్తున్నాను.

1. నా భార్య కొండ కింద ఊరి ఆడవాళ్ల చేత పూసల దండలు గుచ్చించి, పోస్టు పార్సిళ్లలో జపానుకు పంపుచుండెను. మా కొండ గనిలో తవ్విన ఇనుప రాయి వెళ్లేదీ ఆ దేశానికే. విదేశం పోయిన సరుకుకు అమ్మకం పన్ను లేదు, అయితే పోయినట్టు రుజువుండాలని తమ నిబంధన. అందుకని ప్రతి రసీదూ తారీఖు వారీగా కుట్టి ఖాకీ సంచిలో దాచెను. మంచం పక్కన నేనున్నా లేకపోయినా ఆ సంచి ఉండవలసిందే.

2. ఈ మార్చిలో ఆమె కామెర్లతో పోయింది. చర్చి వారు సమాధి చేసిరి. నెల తిరగ్గానే ఆ కొండ కింద ఊరివారు తమ వాళ్లలో పోయినవారికి నిలబెట్టినట్టే ఆమెకూ ఒక రాయి నిలబెట్టిరి. పోయినవారి వస్తువులు ఆ రాయి దగ్గర పెట్టుట వారి ఆచారం. దండలు గుచ్చే ఆడవాళ్లలో జోగే అనే ఆమె మా ఇంటికి వచ్చి, "బావా, అక్కకి అన్నిటికన్నా ఏది ఇష్టం? అదే ఇవ్వాలె" అనెను. నేనే సంచి తీసి ఇచ్చితిని. పన్ను సంగతి ఆ పూట గుర్తు లేదయ్యా. గుర్తున్నా ఇచ్చేవాడినేమో.

3. "మూడుసార్లు పిలిచినను హాజరు కానందున" అని తమ నోటీసులో ఉన్నది. నేను ఎన్నిసార్లు పిలిచానో తమకు తెలియదు.

4. ఏడు రోజుల్లో రసీదులు చూపనిచో రిజిస్ట్రేషను రద్దు చేయుదురట. ఇప్పుడు పార్సిళ్లు నేనే కడుతున్నాను. అది రద్దయితే ఆడవాళ్ల పని ఆగిపోవును. సంచి తెచ్చుకుందామని వెళ్తే జోగే రాయికి అడ్డం నిలబడి, "ఇచ్చింది తీయగూడదు బావా" అని ఏడ్చెను. వానకు సంచి తడిసి ఎర్రబడి ఉన్నది. లోపల ఏమి మిగిలిందో తెలియదు.

కావున ఆ సంచి కొరకు పట్టుబట్టక, పోస్టాఫీసు రిజిస్టరు నకలును, జపాను వారి ఉత్తరములను రుజువుగా అంగీకరించ ప్రార్థన. తమరు ఒక్క నిమిషం ఓపిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మజ్జి జయరావు

తా.క.: ఒక మాట పైన రాయలేదు. రాయి దగ్గర పెట్టింది తీస్తే పోయిన మనిషి దానికోసం ఇంటికి వచ్చేస్తుందని జోగే భయం. పై విన్నపం నేను జోగే మొహం చూసి రాసినది. నా మటుకు నాకు, సంచి తెచ్చి తీరాలని తమరు గట్టిగా ఒక ఆర్డరు వేస్తే చాలు. సర్కారు ఆర్డరంటే జోగే కాదనలేదు. సంచి మంచం పక్కనే పెట్టి, తలుపు తీసి ఉంచుతాను.