మెట్ల మీదే తేలిపోయే బేరం

అక్కా,

ఇల్లు బాగుందని చెప్పి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఎందుకు రారు? మూడేళ్ళుగా నిన్నూ విసిగిస్తున్న ఈ ప్రశ్నకి నిన్న జవాబు దొరికింది.

ఆయనకి ఆయాసం పెరగలేదు, కంగారుపడకు. మూడో అంతస్తు ఎక్కలేకే కదా ఇల్లు అమ్ముతున్నాం! అయినా ఎవరు చూడ్డానికొచ్చినా గేటు దాకా ఎదురెళ్తారు. వద్దంటే, "ఇంటికొచ్చేవాళ్ళని దారి వెతుక్కోమంటామా?" అంటారు. నిన్న నేనూ కిందికి దిగి, వాళ్ళ వెనకాలే ఎక్కాను. ప్రతి మలుపులోనూ రెయిలింగు పట్టుకుని ఆగి, రొప్పుతూనే, "పైన గాలి బ్రహ్మాండమండీ" అంటున్నారు. కొనడానికొచ్చినావిడ తన భర్త మోకాళ్ళకేసి ఒకసారి చూసింది. పైకొచ్చాక "వెలుతురు బాగుందండీ" అంది గానీ, వంటగది తలుపైనా తీయలేదు.

మీ పక్కింటి కింది వాటా ఖాళీగానే ఉందా? ఎవరికీ ఇవ్వొద్దని బావగారి చేత చెప్పించు. అమ్మ చెవి మిషను పెట్టుకుంటోందా, డబ్బాలోనే దాస్తోందా? పిల్లలకి నా దీవెనలు.

ఈసారి కిందికి దిగొద్దని ఆయనకి చెప్పాలి. ఎందుకని అడిగితే నిజం చెప్పాలి. చెప్పకపోతే ఇల్లు అమ్ముడుపోదు, ఆ గుండె ఈ మెట్లకి ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో తెలీదు. చెప్పనా, మాననా? ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి