మైకులో నా పేరు

ఆగస్టు 19

పిల్లల హోమ్ నుంచి చైతన్యపురి ఫ్లాట్‌కి వచ్చేశాను. లలితకుమారి ఆంటీ, వెంకటేశ్వరరావు అంకుల్. వాళ్లబ్బాయి అభిరామ్ పూణేలో చదువుతున్నాడు. కొన్ని నెలలు ఉంచుకుని చూస్తారట. కుదిరితే ఇక్కడ, కుదరకపోతే మళ్లీ హోమే. చీర కొనేముందు వెలుతురులో పట్టి చూసినట్టు నన్ను చూస్తున్నారు. నాకంటూ ఒక గది ఇచ్చారు. అందులో ఒక్కదాన్నే పడుకుంటే నిద్ర రావడం లేదు.

ఆగస్టు 22, మధ్యాహ్నం

ఆంటీ బ్యాంకుకి వెళ్తూ బయట తాళం వేసింది. నీ మంచికే కదమ్మా అంది. బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టారు. పావురాలు బయట హాయిగా ఉన్నాయి. వలలో నేనే ఉన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

అరుణమ్మను చూసి వస్తానన్నాను. చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో ఏడుస్తుంటే నన్ను తీసుకెళ్లి పెంచింది ఆమే. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద కంకులు కాల్చి అమ్ముతుంది. మేమిద్దరం అక్కడే పడుకునేవాళ్లం. రక్తసంబంధం లేదని, ఇల్లు లేదని ఆఫీసర్లు నన్ను హోమ్‌లో వేశారు. అయినా ప్రతి ఆదివారం గేటు దగ్గరకు వచ్చేది. "పరేషాన్ గాకు బిడ్డా, మంచిగ తిను" అని చేతిలో కంకి పెట్టేది. ఈ ఇంటి అడ్రస్ ఆమెకు తెలియదు. ఇవాళ కూడా హోమ్ గేటు దగ్గర నిలబడి నిలబడి వెళ్లిపోయి ఉంటుంది.

అవన్నీ మర్చిపోవాలమ్మా, ఇప్పుడు నీకు ఫ్యామిలీ ఉంది కదా అన్నారు అంకుల్. ఉందా?

ఆగస్టు 25

తాళం. టీవీ. తాళం.

ఆగస్టు 27

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వినాయకుణ్ణి పెట్టారు. ఆంటీ నాకు కొత్త పట్టులంగా కట్టింది. పంతులుగారు ఒక్కో కుటుంబాన్నీ పిలిచి, గోత్రం, పేర్లు అడిగి మైకులో చదువుతున్నారు. మా వంతు వచ్చింది. అంకుల్ గోత్రం చెప్పారు. తన పేరు, ఆంటీ పేరు, అభిరామ్ పేరు చెప్పి ఆపేశారు. నేను పక్కనే పూలు పట్టుకుని నిలబడి ఉన్నాను. పూణేలో ఉన్నవాడికి అర్చన జరిగింది.

ఎందుకు చెప్పలేదని ఆంటీ లిఫ్టులోనే అడిగింది. దత్తత కాకుండా మన గోత్రం ఎలా వస్తుందే, దోషం అన్నారు అంకుల్. నేను అక్కడే ఉన్నానని ఇద్దరూ మర్చిపోయారు. సిగ్గేసింది. చచ్చేంత కోపమొచ్చింది. పులిహోర మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాను.

ఆగస్టు 30

ఆంటీ అంకుల్‌తో మాట్లాడటం మానేసింది. నా కోసమట. నా కోసం ఇంతవరకు ఎవరూ ఎవరి మీదా అలగలేదు. సంతోషంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది.

సెప్టెంబర్ 3

ఇవాళ మళ్లీ అర్చన. అంకుల్ పంతులుగారిని ముందే అడిగారట. "మీ ఇంట్ల తింటున్న పిల్లనే కద సార్, చెప్పుండ్రి, ఏం గాదు" అన్నారట ఆయన. అంకుల్ గొంతు సవరించుకుని జ్యోతిక అన్నారు. మైకులో నా పేరు! సెల్లారంతా వినిపించింది. ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంకెవరన్నా ఉన్నారా అని పంతులుగారు అందరినీ అడిగినట్టే మమ్మల్నీ అడిగారు.

అరుణమ్మ అన్నాను. నోరు జారింది. ఆమె ఎవరని అడిగారు. మా అమ్మ అన్నాను.

పంతులుగారు ఆ పేరు కూడా చదివేశారు. ఆంటీ నా చెయ్యి వదిలేసింది.

మేం నీకేం తక్కువ చేశామమ్మా అని ఇంటికొచ్చాక అంకుల్ అడిగారు. ఏమీ తక్కువ చెయ్యలేదు. తక్కువ చేసి ఉంటే నాకు సులువుగా ఉండేది.

సెప్టెంబర్ 5

ఆంటీని మొదటిసారి అమ్మా అని పిలిచాను. అరుణమ్మ దగ్గరకు తీసుకెళ్లమని అడగడానికే పిలిచాను.

నన్ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. అడగలేకపోయాను.