ఏ పార్టు మార్చాలి?

ప్రియమైన నీకు,

ఇక్కడ అమ్మ, చిన్నది కులాసా. నేను తింటున్నాను, తిరుగుతున్నాను. ఆ కొండల్లో సొరంగం తవ్వే మిషన్ల మధ్య నువ్వు కూడా వేళకి తిని, వేళకి పడుకుంటున్నావనే అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి గురించి ఈసారి ఒక్క ముక్క రాయలేదు. తగ్గి రాయలేదో, తగ్గక రాయలేదో తేలక చిన్నదీ నేనూ పందెం వేసుకున్నాం. ఎవరు గెలిచారో నువ్వే రాయాలి.

నీ ఉత్తరంలో కబుర్లకంటే ప్రశ్నలే ఎక్కువ. పరీక్ష పేపరు చేతికిచ్చినట్టుంది. తేలికవి ముందు రాసేసి, కష్టమైనవి ఆఖరికి అట్టే పెట్టుకోవడం నాకు బడిలో ఉన్నప్పటి నుంచీ అలవాటే కదా, అలాగే కానిస్తాను.

అమ్మకి కొత్త కళ్లజోడు వచ్చింది. పెట్టుకోగానే ఇల్లంతా ఒకసారి కలియజూసి, "ఇంత దుమ్ములోనట్రా మనం బతుకుతున్నది?" అని నా చేతికి తడిగుడ్డ ఇచ్చింది. ఇంకా నా చేతిలోనే ఉంది. చెవుడు మాత్రం నీకు తెలిసిందే. మందు వేసుకోమంటే వినపడదు, పక్కింటివాళ్లు గుసగుసలాడుకుంటే పొల్లు పోకుండా అప్పజెబుతుంది. చిన్నది జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటానని వారం రోజులుగా నా ప్రాణం తీస్తోంది. మీ అమ్మకే ఉత్తరం రాసి అడుగు అని నీ మీదకి తోసేశాను. వంటింటి కుళాయి బాగుచేయించాను. కుళాయి మనిషి బేరం ఆడుతుంటే అమ్మ వెనక నుంచి ఒక్క దగ్గు దగ్గింది, అంతే, అతను దారికొచ్చాడు.

ఇక నువ్వు నీ చేత్తో ఒక్కో పార్టూ ఏరి బిగించి, నాకు ఒప్పజెప్పి వెళ్లిన కంప్యూటరు. ముసలిదయిపోయింది. కిందటిసారి నీకు రాసేనాటికి దాని వాలకం ఇదీ. ఒకరోజు మీట నొక్కగానే లేస్తుంది. ఒకరోజు ఎంత బతిమాలినా లేవదు. ఫ్యాను తిరుగుతుంది, ముందు దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా నా మొహమే నాకు చూపిస్తూ కూర్చుంటుంది. ఆసుపత్రి డాక్టర్లు ఒక్కో రోగి గురించీ గబగబా చెప్పి పడేసిన మాటల రికార్డింగులు వింటూ టైపు చేసి పంపడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఆ పెట్టె లేవకపోతే నేనూ లేవనట్టే.

దానికి తోడు ఖాళీల గొడవ. మాట అర్థం కాని చోట మేం చిన్న గీత గీసి వదిలేస్తామని నీకు చెప్పాను కదా, డాక్టరు సంతకం చేసేముందు దాన్ని నింపుకుంటాడు. ఒకప్పుడు నా కాగితాల్లో గీత కనపడితే అదొక వింత. రానురాను పేజీ నిండా గీతలే అయ్యాయి. ఆఫీసు పెద్దాయన నన్ను పిలిపించి, "మీరైనా మిషను మార్చుకోండి, లేదా మేమైనా మనిషిని మార్చుకుంటాం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడనుకో.

అందుకే నీకు రాశాను, సౌండు కార్డు పాతబడిపోయి మాటల అంచులు కొరికేస్తోందని. నువ్వు సూటిగా అసలు విషయానికి వచ్చావు. ఆన్ చేసినప్పుడు లోపల బుల్లి స్పీకరు కూస్తుంది, ఎన్నిసార్లు కూసిందో లెక్కపెట్టి రాయి, ఒకసారైతే అంతా బాగున్నట్టు, మూడుసార్లయితే మెమరీ తేడా, అసలు కూయకపోతే లోపలి మదర్‌బోర్డే పోయినట్టు అన్నావు. నేను బల్ల కిందకి దూరి, పెట్టెకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నాను. లేచిన రోజూ విన్నాను, లేవని రోజూ విన్నాను. ఒక్కసారి కూడా కూయలేదని రాశాను.

దాని మీదే నువ్వు ఇంత ఆలోచించి ఈ ఉత్తరం రాశావు. బోర్డు మారిస్తే ప్రాసెసరు, మెమరీ కూడా మార్చక తప్పదని, పాత పెట్టె, డిస్కు, తెర ఉంచుకుందామని, కరెంటు సప్లై డబ్బా సంగతి నన్ను చూసి చెప్పమని, సౌండు కార్డు మాత్రం ఆలస్యం చేయకుండా ముందే తెప్పించి పంపుతానని. ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఒక్కమాట చెప్పు అన్నావు.

చెబుతున్నాను. బోర్డు కొనకు. సౌండు కార్డు అసలే కొనకు.

నీ ఉత్తరం రావడానికి కొన్నాళ్ల ముందు, చిన్నది బడికి వెళ్లాక, మళ్లీ పెట్టె మొరాయించింది. ఆర్పి వేస్తున్నాను, వేసి ఆర్పుతున్నాను. వంటింట్లో నుంచి అమ్మ వచ్చింది, చేతిలో గరిటె.

"ఏమిట్రా ఆ పాడు కూత? చెవులు చిల్లులు పడుతున్నాయి," అంది.

"ఏ కూత?"

"అదే, అందులోంచి. మూడుసార్లు కీచుమంటుంది, ఆగుతుంది, మళ్లీ మూడుసార్లు. నాలుగు రోజుల నుంచీ చూస్తున్నా. నీకు మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు."

నేను ఆమె మొహంలోకి చూశాను. వేళాకోళం ఆడుతోందేమో అనుకున్నాను. మళ్లీ మీట నొక్కాను. అమ్మ కూతకొకసారి గరిటె ఊపింది. ఒకటి, రెండు, మూడు. నాకు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంట్లో మనమంతా గొంతు చించుకుని మాట్లాడేది ఎవరితో? ఆవిడకి వినపడింది, నాకు వినపడలేదు.

కూతలు వినిపించేది సౌండు కార్డు కాదు, దాని మీద నెట్టడానికి లేదు. మెమరీ బద్దలు రెండూ ఊడదీసి, నువ్వు చెప్పినట్టే రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఒకటి పాడైంది. దాన్ని తీసేశాక ఆ రోజు నుంచీ పెట్టె చక్కగా లేస్తోంది. కాస్త మెల్లగా నడుస్తుంది, అంతే. కాబట్టి నీ ప్రశ్నకి జవాబు, ఒక్క మెమరీ బద్ద చాలు. డిస్కు బాగుంది, బోర్డు బాగుంది, సౌండు కార్డు గుండ్రాయిలా ఉంది.

ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. మీ సైటు ఆఫీసులో ఉన్నది ఒక్క ఫోనే అని, వరసలో నిలబడి నిలబడి చేస్తే చిన్నదే ఎత్తుతోందని, నా మీద అలిగావు. లైను బాగాలేదని, స్నానం చేస్తున్నానని దాంతో అబద్ధాలు చెప్పించాను. చెవికి ఫోను ఆనించుకుంటే నీ గొంతు వస్తుంది, మాటలు రావు. గోడకి అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. నువ్వు నవ్వావో, విసుక్కున్నావో తెలియదు. తప్పు జవాబు చెబితే నువ్వు పట్టేస్తావని భయం. కాగితం మీదైతే నీ ప్రతి మాటా నాదే.

చిన్నదాని మాట నాకు ఇంకా ముందే వినపడకుండా పోయింది. దాని గొంతు సన్నం కదా. దాని పెదాలు చూస్తూ నెట్టుకొస్తున్నాను. మొన్న భోజనాల దగ్గర తల వంచుకుని ఏదో అంది. దాని కబుర్లు సగం హాస్యాలే కాబట్టి నేను గట్టిగా నవ్వాను. అది కంచం వదిలేసి లేచిపోయింది. దాని స్నేహితురాలు ఊరు వదిలి వెళ్లిపోతోందట, అమ్మ తర్వాత చెప్పింది. గదిలోకి వెళ్లి ఎంత బుజ్జగించినా అది నా వైపు తిరగలేదు. తిరగకపోతే అది ఏమంటోందో నాకు తెలియదని దానికెలా చెప్పను?

ఇంతవరకు రాసి ఆపేద్దామనుకున్నాను. అసలుది ఇంకా రాయలేదు.

ఖాళీల గోల పడలేక ఆఫీసు పెద్దాయన టైపు చేసేవాళ్లందరినీ చెవి పరీక్ష చేయించుకుని చీటీ తెమ్మన్నాడు. వెళ్లాను. అమ్మ గరిటె ఊపిన వారానికే. చిన్న గది, గోడల నిండా చిల్లుల అట్టలు, ఒక కుర్చీ. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో తీగ ఉన్న బొత్తం పెట్టి, "ఎంత సన్నటి చప్పుడైనా సరే, వినపడగానే నొక్కండి" అని చెప్పి పరీక్ష చేసే అమ్మాయి తలుపు మూసింది. అద్దం అవతల మిషను ముందు కూర్చుంది. మొదట వచ్చిన లావు చప్పుళ్లు వినపడ్డాయి, నొక్కాను. తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం. అప్పుడు కనపడింది, ఆమె మీట నొక్కినప్పుడల్లా కుడి మోచెయ్యి ఇంత పైకి లేస్తోంది.

మొదటిసారి అనుకోకుండా నొక్కాను. రెండోసారి అనుకునే నొక్కాను. తర్వాత ఇక వదల్లేదు. మధ్యలో కావాలని ఒకటి రెండు వదిలేశాను కూడా, అనుమానం రాకుండా. బయటికి వచ్చి, "మీ వయసులో ఇంత మంచి చెవులు అరుదండీ" అంది. అందనే అనుకుంటున్నాను, ఆమె పెదాలని బట్టి నేను పోల్చుకున్నది అది. చీటీ మీద అంతా బాగుందని రాసిచ్చింది. ఆఫీసులో ఇచ్చేశాను. పెద్దాయన సంతోషించాడు.

చెవులు బాగున్నాయి, మిషనూ బాగుపడింది, ఇక ఖాళీలు వదలడానికి నాకు సాకు లేదు. అందుకని ఊహించి నింపడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ల అలవాటు, డాక్టరు నోరు విప్పక ముందే తర్వాతేం వస్తుందో నాకు తెలుసు. వయసు, నొప్పి, పాత జబ్బులు, పడని మందులు. పడని మందుల దగ్గర నూటికి తొంభైమంది విషయంలో ఏవీ లేవనే అంటారు. ఆపరేషనుకి వచ్చిన ఒకావిడ రికార్డింగులో ఆ చోట డాక్టరు గొంతు సన్నబడింది. నేను ఏవీ లేవని టైపు చేసేశాను.

ఉంది. ఆవిడకి ఒక మందు పడదు, ఇస్తే ఊపిరి ఆడదు. ఆపరేషను గదిలోకి తీసుకెళ్లే ముందు నర్సు కాగితాన్ని నమ్మక, ఆవిడనే నోటితో అడిగిందట. ఆవిడ బతికే ఉంది, ఇంటికి కూడా వెళ్లిపోయింది. ఆ కాగితం మాత్రం ఎర్రగీతతో నా దగ్గరికి తిరిగొచ్చింది. చూసి సరిచేయండి అని మర్యాదగా రాశారు. ఎవరూ కేకలేయలేదు, నా చెవులు బాగున్నాయని వాళ్ల దగ్గర చీటీ ఉంది కదా. ఆ నర్సు తొందరలో ఉండి అడక్కపోయి ఉంటే? ఈ ప్రశ్న నన్ను కూర్చోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు. ఆవిడ మొహం కూడా నాకు తెలియదు. బజారులో ఎదురుపడే ప్రతి మనిషీ ఆవిడేనేమో అనిపిస్తోంది. అంతకు ముందు నేను నింపిన కాగితాలు ఎన్ని, అందులో ఏమున్నాయో రాత్రిళ్లు లెక్కపెట్టుకుంటున్నాను.

అప్పటి నుంచి కంప్యూటరు లేవడం లేదని చెప్పి రికార్డింగులు తీసుకోవడం మానేశాను. పాపం, చక్కగా పనిచేస్తున్నదాని మీద నింద వేశాను. ఈ ఉదయం పెద్దాయన దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు, తల దించుకున్నాను కాబట్టి ఏమన్నాడో సగం తెలియదు. నేను ఊహించి నింపిన కాగితాలన్నీ తీయించి డాక్టర్లతో మళ్లీ చూపిస్తామన్నాడు. అది మాత్రం రాసి ఇమ్మని అడిగి, చదువుకున్నాను. పని ఉంటుందో పోతుందో నిజం చీటీ వచ్చాకే చెబుతారట.

నాకు చాలా భయంగా ఉంది. పని పోతుందని ఒక భయం, మీ ముగ్గురి గొంతులూ ఒకదాని తర్వాత ఒకటి పోతాయని ఇంకో భయం. నువ్వు పక్కనుంటే ఇంత ఉండేది కాదు. వీలైతే సెలవు అడుగు, వీలు కాకపోతే ఉత్తరం పెద్దది రాయి. చిన్నదానికీ అమ్మకీ ఈ సాయంత్రం చెబుతాను, చిన్నదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని.

రేపు పొద్దున్నే మళ్లీ పరీక్షకి వెళ్తున్నాను. అద్దానికి వీపు పెట్టి కూర్చుంటానని ఆ అమ్మాయికి ముందే చెప్పేస్తాను. చప్పుడు వినపడకపోతే బొత్తం నొక్కకూడదు, అంతే కదా చేయవలసింది. ఆ నిశ్శబ్దంలో బొటనవేలు కదపకుండా కూర్చోగలగాలి. అదొక్కటీ నావల్ల అవుతుందని నువ్వు నమ్ము.

ఇట్లు,
చిన్నదాని నాన్న