కార్యానికి పూలు

క్లాంగ్
మార్చి 4

ప్రియమైన యోగేశ్వరికి,

రత్నత్త ఆశీస్సులు. ఫోనులో అయితే నువ్వు రెండో మాటకే తమిళంలోకి జారిపోతావు, అందుకని ఉత్తరమే రాస్తున్నాను. తెలుగు అక్షరాలు నేను నేర్పినవే కదా, వాటితోనే జవాబు రాయి.

నువ్వు తయారుచేసిన ఏఐ మన పూలకొట్టుకి వచ్చింది. మీ నాన్న పొంగిపోతున్నాడు. "ఏటే రత్నా, ఇంక నువ్వు గొంతు సింపుకోనక్కర్లేదు లా, అన్నీ అదే సూసుకుంటాది" అని, నా బల్ల మీది కొట్టు ఫోను తీయించి బీరువా మీద పెట్టించాడు. నాకు ఒళ్లు మండింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ కొట్టుకి ఆర్డర్లు రాసుకున్నది నేను.

అది తేదీ అడుగుతుంది, ఇంటి నంబరు అడుగుతుంది, ఎన్ని మూరలో అడుగుతుంది. ఎవరికి, ఎందుకు అని మాత్రం అడగదు. కిందటేడు ఇళంగోవన్ గారు ఫోను చేసి ఎర్ర రోజాల మాల కావాలన్నారు. గొంతు తేడాగా ఉంటే మెల్లిగా అడిగాను. వాళ్లావిడ పోయిందట, పెళ్లినాడు ఆమె మెడలో వేసిన మాలలాంటిదే కావాలట. నీ ఏఐకి ఆ గొంతు వినపడుతుందా?

ఒక నెల చూసి నన్ను ఇంట్లో కూర్చోమంటారని, మాలలు కట్టే విమలన్ చెప్పాడు. పెళ్లీ పెటాకులూ లేకుండా ఈ కుర్చీలోనే ముసలిదాన్నయ్యాను. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

నీ మేనత్త,
రత్నావతి


కౌలాలంపూర్
మార్చి 9

ప్రియమైన రత్నత్తకు,

నమస్కారాలు. నిన్ను ఇంటికి పంపడానికి నేనది చెయ్యలేదు అత్తా.

ఒకేసారి ఇరవై మంది అడిగినా అది జవాబిస్తుంది. మలయ్, తమిళం, ఇంగ్లీషు, కొద్దిగా తెలుగు చదువుతుంది. కామెరాన్ హైలాండ్స్ పూలతోటల నుంచి ఏ వారం ఎంత చామంతి తెప్పించాలో ముందే చెబుతుంది. మనుషుల సంగతులు మాత్రం దానికి తెలియవు. అందుకే ప్రతి ఆర్డరూ నీ బల్ల మీది టాబ్లెట్‌కి వచ్చేట్టు పెట్టాను. సరిగ్గా ఉంటే పచ్చ బొత్తం నొక్కు, అనుమానం ఉంటే ఎర్రది. నువ్వు పచ్చది నొక్కందే విమలన్ ఒక్క పువ్వు కూడా కట్టడు. నాన్నకి ఇదంతా చెప్పాను, చెవికెక్కించుకున్నారో లేదో.

మన కొట్టులో బాగా నడిస్తే ఇంకో మూడు దుకాణాలు ఇదే పద్ధతి తీసుకుంటామన్నాయి. మా ఆఫీసులో ఇది నా మొదటి సొంత పని. నువ్వు ఉన్నావన్న ధైర్యంతోనే మన కొట్టుతో మొదలుపెట్టాను.

నీ
యోగేశ్వరి


కౌలాలంపూర్
మార్చి 24

ప్రియమైన అత్తకు,

కాపర్ ఊళ్లో ముత్యాలు గారింటికి వెళ్లి ఇప్పుడే వచ్చాను. నాన్న నీకు కొంత చెప్పే ఉంటారు. నేను కళ్లారా చూసింది రాస్తున్నాను.

వాళ్లు పంపిన మెసేజీ ఒక్క ముక్క: "శనివారం మా ఇంట్లో కార్యం, పూలు కావాలి." మనకి వచ్చే ఆర్డర్లలో ఎక్కువ తమిళంలోనివే కదా. తమిళంలో కారియం అంటే పోయినవాళ్లకి పదహారో రోజు చేసేది. ఏఐ అలాగే అనుకుంది. కొత్త కోడలు శర్మిళ శోభనానికి మంచం అలంకరించే పూలు వెళ్లాల్సింది, ఫోటోకి వేసే తెల్ల చామంతి మాల వెళ్లింది. తలుపు తీసి అందుకున్నది ఆ పిల్లే. అత్తగారు అపశకునమని ముహూర్తం ఆపేసి, పిల్లని పుట్టింటికి పంపేశారు. పెళ్లికొడుకు ముత్యాలు గారు నన్ను ఒక్క మాటా అనలేదు. "మా అమ్మే నమ్ముతాది ఇవన్నీ, నేనేటి సెయ్యను" అని తల దించుకున్నారు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

కార్యం అంటే తెలుగులో శోభనమని నాకే తెలియదు అత్తా. నాకు తెలియనిది దానికేం నేర్పుతాను? తప్పు నాదే. సోమవారం నుంచి కొట్టులో దాన్ని ఆపేస్తున్నాం.

నీ
యోగేశ్వరి


క్లాంగ్
ఏప్రిల్ 1

ప్రియమైన యోగేశ్వరికి,

ఉత్తరం అందింది. ఫోను మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. మీ నాన్న నాతో మర్యాదగా ఉంటున్నాడు, రోజూ తనే టీ తెప్పిస్తున్నాడు. నువ్వు మరీ మనసుకు తీసుకోకు. యంత్రం కదా, ఇలాంటివి జరుగుతాయి.

శర్మిళ అత్తవారింటికి తిరిగి వచ్చిందా? తెలిస్తే రాయి.

అత్త


కౌలాలంపూర్
ఏప్రిల్ 8

ప్రియమైన అత్తకు,

శర్మిళ వచ్చేసిందట. కొత్త ముహూర్తం ఇంకా పెట్టలేదు.

ఒక విషయం నాకు అంతుపట్టడం లేదు. ఆ ఆర్డరుకి పచ్చ బొత్తం నొక్కినట్టు రికార్డులో ఉంది. ఆర్డరు ముత్యాలు గారి ఇంటిదని చూశాక నువ్వు ఎలా నొక్కుతావు? ఎవరూ నొక్కకపోయినా నొక్కినట్టు రాసుకునే తప్పేదో నా పనిలోనే ఉండి ఉంటుంది. రెండు వారాలుగా వెతుకుతున్నాను, దొరకలేదు. ఆఫీసులో మాత్రం తప్పు నా పనిదేనని రాసిచ్చేశాను. మూడు దుకాణాలూ వద్దన్నాయి. నెలాఖరులోగా కారణం చూపించకపోతే ఇలాంటి పనులు ఇంక నా చేతికి ఇవ్వరట.

నీకు ఫోను తిరిగి వచ్చినందుకు సంతోషమే. నిజంగానే అంటున్నాను.

నీ
యోగేశ్వరి


క్లాంగ్
ఏప్రిల్ 13

ప్రియమైన నా తల్లి యోగేశ్వరికి,

వెతకడం ఆపు. నీ పనిలో తప్పు లేదు. పచ్చ బొత్తం నొక్కింది నేనే.

పొరపాటున నొక్కానని రాద్దామనుకుని రెండు కాగితాలు పాడుచేశాను. పొరపాటు కాదు. అంతకు పది రోజుల ముందు ఆ ఇంటికి పెళ్లిమాలలు దగ్గరుండి కట్టించింది నేను. వాళ్లకి కార్యమంటే ఏమిటో నాకు తెలియకపోవడమేమిటి? టాబ్లెట్ మీద ఫోటో మాల అని పడింది, చూశాను. దీని తెలివి ఏపాటిదో మీ నాన్నకి తెలిసిరావాలి అనుకున్నాను. కట్టేటప్పుడు విమలన్ అడుగుతాడు, అప్పుడు ఆపుదాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రత్నక్క చూసింది కదా అని వాడు అడగలేదు. నా ముందే బండి కదిలింది. నేను నోరు విప్పలేదు.

నువ్వు నన్ను అనుమానించి ఉంటే బుకాయించేదాన్నేమో. నన్ను నమ్మి నీ మీద వేసుకున్నావు. ఆ ఉత్తరం చదివాక నాకు తిండి సయించలేదు.

నిన్న మీ నాన్నకి చెప్పాను. చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. తరవాత "నా మీద కోపం ఉంటే నన్ను తిట్టొచ్చు కదే" అన్నాడు. అక్కణ్ణుంచి కాపర్ వెళ్లాను. శర్మిళే తలుపు తీసింది. "తెలిసే పంపినారా ఆంటీ?" అని అడిగింది. అవునన్నాను. కూర్చోమనలేదు. తలుపూ వెయ్యలేదు. క్షమించమని అడిగి వచ్చేశాను.

ఈ ఉత్తరం మీ ఆఫీసులో చదివి వినిపించు. తెలుగు రానివాళ్లకి నువ్వే అర్థం చెప్పు, మెత్తగా మార్చి చెప్పకు.

మీ నాన్న ఏఐని మళ్లీ పెట్టించమంటున్నాడు, నేనూ అదే అంటున్నాను. రెండు భాషల్లో రెండు రకాల అర్థం వచ్చే మాటలు గుర్తొచ్చినవన్నీ రాసి ఇందులో పెట్టాను. కార్యం పక్కన అర్థం రాయలేదు, ఇంటివాళ్లకి ఫోను చేసి అడగాలి అని రాశాను. ఇంకొకటి, బొత్తం ఒక్కరి చేతిలో పెట్టకు. నొక్కినవాళ్లని మాల కట్టేవాళ్లు మళ్లీ ఒకసారి అడగాలి.

బొత్తం నొక్కే పనికి నేను తగనని నీకనిపిస్తే నాకు కోపం రాదు, విమలన్‌ని పెట్టు. వాడూ కుదరకపోతే వేరేవాళ్లని చూడు. ఎవరినైనా సరే, మనిషిని పెట్టు.

తప్పు చేసిన నీ అత్త,
రత్నావతి